తక్కెడకు రెండు పళ్ళాలు

(స్మారక ఉపన్యాస పాఠం)



ఈ స్మారక ఉపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతోందో ఆయన బడిలో ఉన్నన్నాళ్ళూ లెక్కలు చెప్పారు. ఉద్యోగం విరమించాక జనానికి అర్జీలు రాసిపెట్టారు. ఒడియాలో రాశారు, తెలుగులో రాశారు, అవసరం పడితే ఇంగ్లీషులోనూ రాశారు. కుట్టుమిషను నెల తిరక్కుండా మూలపడిందని వచ్చినవాళ్ళకీ, విత్తనం మొలవలేదని వచ్చినవాళ్ళకీ ఆయన వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: "రసీదు ఉందా?" చాలామంది దగ్గర ఉండేది కాదు. అప్పుడు కలం పక్కనపెట్టి, చెప్పులేసుకుని, వాళ్ళతోపాటు దుకాణానికి నడిచేవారు. అటువంటి మనిషి పేరున మాట్లాడమన్నప్పుడు వినియోగదారుల హక్కులు తప్ప నాకు మరో విషయం తోచలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒకే మాట. పట్నంలో వినియోగదారుడంటే కొనేవాడు. మన కొరాపుట్, రాయగడ జిల్లాల్లో సంతకొచ్చే మనిషి ముందు అమ్ముతాడు, ఆ డబ్బుతో కొంటాడు. ఒకే పూట, ఒకే సంతలో, అతనికి రెండుసార్లు తూకం జరుగుతుంది. నష్టం రెండుచోట్లా జరుగుతుంది. మన వినియోగదారుల చట్టం మాత్రం రెండోచోటనే అతన్ని గుర్తిస్తోంది. ఏజెన్సీలో ఈ రక్షణ నిజం కావాలంటే అది సంతలో, తక్కెడ దగ్గర, రెండు పళ్ళాలకూ కలిపి మొదలవ్వాలి. ఆ పని చేయించే అధికారం గ్రామసభకు ఉండాలని పార్లమెంటు ఏనాడో చెప్పింది. దాన్ని వాడుకోవడమే మిగిలింది.

కొండ దిగే సరుకు

బుధవారం పొద్దున్నే నియమగిరి మీది డొంగ్రియా కోందులు బిస్సంకటక్ దగ్గరి చాటికోన సంతకు దిగుతారు. శుక్రవారం కుందులి సంతకు పరజాలు, గదబలు, ఇంకా ఎందరో వస్తారు. కావిళ్ళలో, బుట్టల్లో అనాస, పనస, అల్లం, పసుపు, చింతపండు, చోళ్ళు, వలిసెలు, కందులు, కొండచీపుర్లు, కాలాన్నిబట్టి ఇప్పపువ్వు. ఇదంతా నెలల తరబడి పోడులోనూ అడవిలోనూ పడ్డ కష్టం.

సంత పాకలు కనబడకముందే, దారి మలుపులో కొచియాలు, అంటే దళారులు, కాసుకుని ఉంటారు. బుట్ట దింపించడం, ధర తామే చెప్పడం, డబ్బాతో కొలిచేయడం, అంతా నిమిషాల మీద అయిపోతుంది. కొలిచే డబ్బా ఏ కంపెనీ నూనెదో, అడుగు ఎంత బయటకు కొట్టారో ఎవరూ చూడరు. తూకమైతే అందులో గోనెకు తరుగు, తేమకు తరుగు, మట్టికి తరుగు. ఆపైన ముల్లు సరుకువైపు మొగ్గాలి. మొగ్గకపోతే ఇంకో పిడికెడు వేయమంటారు. ఆ పిడికెడుకు లెక్కలేదు. పాత అరువు ఉంటే అందులోంచి కోత. చివరకు బుట్ట మోసుకొచ్చిన ఆడమనిషి చేతిలో పడ్డ డబ్బుతో ఆమె ఉప్పు, నూనె, ఎండుచేపలు, సబ్బు, పిల్లకో గౌను కొనుక్కుని చీకటి పడకముందే కొండెక్కాలి. కొనేటప్పుడు ముల్లు ఆమెవైపు మొగ్గదు.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ నేలంతా మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. ఏజెన్సీలో వడ్డీవ్యాపారం ఎంత ముదిరిందంటే, మద్రాసు ప్రభుత్వమే 1917లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సివచ్చింది. కొండజాతులవాళ్ళ దగ్గర ఏడాదికి 24 శాతానికి మించి వడ్డీ తీసుకోరాదనీ, చక్రవడ్డీ కూడదనీ, మొత్తం వడ్డీ అసలును దాటరాదనీ, ఏజెంటు అనుమతి లేకుండా వాళ్ళ భూమి కొండేతరులకు చేతులు మారరాదనీ ఆ చట్టం చెప్పింది. చట్టం కాగితం మీద మంచిదే. అది ఉండగానే అప్పు కింద మనిషి గోతిగా, అంటే వెట్టివాడిగా, మారి సాహుకారు ఇంట చాకిరీ చేయడం సాగింది. గోపీనాథ్ మహంతి 1945లో 'పరజా' నవల రాసింది ఈ కొరాపుట్ కొండల్లోని ఆ బతుకు గురించే. మన సరిహద్దుకు అవతల పార్వతీపురం ఏజెన్సీలో అప్పు, భూమి, కూలి, అడవి సరుకు ధర అన్నీ కలిసి మండాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ దెబ్బకు ప్రాణాలు కోల్పోవడంతో అక్కడి గిరిజన ఉద్యమం ఆయుధాల దారి పట్టింది. దొంగ తూకం చిన్న విషయమని ఎవరైనా అంటే, ఆ చరిత్రను ఒకసారి చూడమంటాను.

దీనికి విరుగుడు ఏమిటో మనవాళ్ళకు తెలియక కాదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనందరం జి.సి.సి. అని పిలుచుకునేది, పుట్టింది. దాని ఆలోచనలో గొప్పతనం ఏమిటంటే, అడవి సరుకు సరైన ధరకు కొనేదీ, నిత్యావసరాలు సరైన ధరకు అమ్మేదీ ఒకే సంస్థ. ఆ డిపోకు వచ్చే గిరిజనుడు ఒకే కాటా దగ్గర అమ్మకందారుగానూ కొనుగోలుదారుగానూ నిలబడతాడు. ఆచరణలో లోటుపాట్లు ఎన్ని ఉన్నా, మన నేలకు సరిపోయే వినియోగదారుల రక్షణ ఎలా ఉండాలో మొదట ఊహించింది ఆ ఏర్పాటే. ఒడిశాలో ఆ బాధ్యత గిరిజన అభివృద్ధి సహకార సంస్థ టి.డి.సి.సి.ది. చోళ్ళకు మద్దతు ధర ఇచ్చి కొనే పని ఇక్కడ అదే చూస్తోంది. 2024–25లో క్వింటాలు చోళ్ళకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 4,290 రూపాయలు. అంటే కిలోకు దాదాపు 43 రూపాయలు. ఏటా మారే ఈ ఒక్క అంకె ఏ ఏడుకాయేడు కొండమీది ప్రతి గడపకూ తెలిస్తే దారి మలుపులోని బేరం ఇప్పుడున్నట్టు ఉండదు.

రాయి అడుగున సీసం

చట్టాల గురించి మాట్లాడేముందు ఒక ఇనప తూనికరాయిని చూద్దాం. కిలో రాయిని తిరగేస్తే అడుగున ఒక గుంట ఉంటుంది. అందులో సీసం పోసి ఉంటుంది. రాయి బరువును సరిగ్గా కిలోకు తెచ్చేది ఆ సీసమే. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు పరీక్షచేసి ముద్ర కొట్టేదీ ఆ సీసం మీదే. ఏ సంవత్సరం, ఏ మూడు నెలల కాలంలో తనిఖీ జరిగిందో ఆ ముద్ర చెబుతుంది. ఒక సంతలో నేను అడిగి తిరగేయించిన రాయిలో గుంట ఉంది, సీసం లేదు. వేలు పెడితే దుమ్ము తగిలింది. పక్కనే నిలబడ్డ పెద్దాయన చింతపండు అమ్మడానికి వచ్చినవాడు, ఆ గుంటలోకి తొంగిచూసి, మరి మాట్లాడకుండా తన బుట్ట ఎత్తుకుని ఇంకో కాటా దగ్గరికి నడిచాడు. ఒక్క పైసా ఖర్చులేని చదువు అది. అక్షరం రానక్కర్లేదు, రాయి తిరగేయడం వస్తే చాలు.

నియమం ప్రకారం ఇనప రాళ్ళకు, కొలపాత్రలకు, తక్కెడలకు రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి ముద్ర పడాలి. ఆ తనిఖీ పత్రం దుకాణంలో నలుగురికీ కనబడేలా పెట్టాలి. మన పూర్వులు ఈ విషయంలో ఇంకా గట్టివాళ్ళు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తూనికలకు ఒక అధ్యక్షుణ్ణి నియమించి, నాలుగు నెలలకోసారి ముద్ర వేయించుకోవాలని విధించింది.

తక్కెడను పరీక్షించే చిట్కా ఇంకోటుంది. ఒకసారి తూచాక రాయిని సరుకున్న పళ్ళెంలోకీ, సరుకును రాయి పళ్ళెంలోకీ మార్చి మళ్ళీ తూచమనండి. దండె రెండు చేతులూ సమానంగా ఉంటే తూకం మారదు. మారితే తక్కెడలోనే మోసం ఉంది. ఎలక్ట్రానిక్ కాటా అయితే సరుకు పెట్టకముందు సున్నా చూడాలి. ఇవి ప్రతి బడిలో ఐదో తరగతి పిల్లలకు చేతితో చేయించి చూపించాల్సిన పాఠాలు. మాస్టారు ఉంటే ఇది లెక్కల పాఠమే అనేవారు.

1956 చట్టంతో దేశమంతటికీ మెట్రిక్ తూనికలు వచ్చాయి. 1958 నుంచి అవి అమల్లో ఉన్నాయి. అయినా మన సంతల్లో కుంచం, అడ్డ, మానిక ఇంకా నడుస్తున్నాయి. అలవాటైన కొలత మీద నాకు కోపం లేదు. అయితే ఊరికో కుంచం, కొనడానికో మానిక, అమ్మడానికో మానిక ఉన్నప్పుడు నష్టపోయేది ఎప్పుడూ కొండమనిషే.

ఇక ఇప్పుడున్న చట్టం. 2009లో చేసి 2011 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన లీగల్ మెట్రాలజీ చట్టం 30వ సెక్షన్‌లో, అమ్మేటప్పుడు తక్కువ తూచి ఇవ్వడం నేరమని ఉంది. అది అందరికీ తెలుసు. ఆ సెక్షన్‌లోనే, కొనేటప్పుడు డబ్బిచ్చినదానికంటే ఎక్కువ సరుకు మోసంతో రాబట్టుకోవడం కూడా నేరమని ఉంది. ఇది చాలామంది చదవని భాగం. దారి మలుపులో ఆ అదనపు పిడికెడు అడిగి వేయించుకునే కొచియాకు వర్తించేది ఇదే. తక్కెడకు రెండు పళ్ళాలు ఉన్నాయని గుర్తించిన చట్టం మనకు ఉంది. వినియోగదారుల చట్టం చేయలేని పనిని తూనికల చట్టం చేయగలదు. ఈ రెంటినీ కలిపి వాడడం మన వకీళ్ళు, అధికారులు, సంఘాలు నేర్చుకోవాలి.

ఫోరం గడప ఎంత దూరం

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తమ చట్టసభకు పంపిన సందేశంలో వినియోగదారులకు నాలుగు హక్కులు ఉన్నాయన్నాడు. భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకోవడం. మన దేశంలో 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జులై 20 నుంచి అమలవుతోంది. ఆ నాలుగింటికీ తోడు నష్టపరిహారం పొందే హక్కు, చైతన్యం పొందే హక్కు మన చట్టంలో 1986 నుంచీ ఉన్నాయి.

పాత చట్టం ఫోరం అన్నదాన్నే ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్ అంటున్నాం. కొరాపుట్ జిల్లా కమిషన్ జయపురంలో కూర్చుంటుంది. రాయగడ జిల్లా కమిషన్ రాయగడలోనే ఉంది. 50 లక్షల రూపాయల లోపు విలువ చెల్లించి కొన్న వస్తువు, సేవ విషయంలో అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. జరిగిన రెండేళ్ళలోపు చేయాలి. వస్తువు విశాఖపట్నంలో కొన్నా, భువనేశ్వర్‌లో కొన్నా, ఫోన్‌లో బొత్తాం నొక్కి తెప్పించుకున్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 2019 చట్టం చేసిన పెద్ద మేలు ఇది. పాత చట్టంలో అమ్మినవాడి ఊరికో, లావాదేవీ జరిగిన చోటికో పరిగెత్తాల్సి వచ్చేది.

రసీదు గురించి మాస్టారు పడిన తాపత్రయానికి ఈ చట్టంలో జవాబు దొరికింది. బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతిగా ఇది లెక్కగట్టింది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసుకున్న చీటీకి ఇక విలువ లేదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనని అనడం కూడా అనుచిత పద్ధతే. దుకాణంలో ఈ చీటీ చూపిస్తే భయపడి వెనక్కి వచ్చేయకండి.

కష్టం ఎక్కడుందో కూడా చెప్పాలి. పరీక్ష అవసరంలేని ఫిర్యాదును మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష కావాల్సినదాన్ని ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాయిదాలు అంతకంటే ఎక్కువ నడుస్తాయి. కాశీపూర్ కొండల్లోంచి 200 రూపాయల మోసానికి రాయగడకు ఎవరొస్తారు? బస్సు చార్జీ, ఒక రోజు కూలి, మధ్యాహ్నం తిండి కలిపితే పోయిన సొమ్మును మించిపోతుంది. చిన్న మోసాలన్నీ ఈ లెక్క మీదే బతుకుతున్నాయి. మోసగాడికి చట్టం తెలియక కాదు, ఎదుటివాడు అంతదూరం రాలేడని తెలుసు గనక. అందుకే ఒక్కొక్కరుగా కాక, ఒకే నష్టం జరిగినవాళ్ళందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసే వీలు చట్టంలో ఉంది. గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమూ వేయవచ్చు. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైను పలుకుతుంది. కోర్టుకు ముందే చాలా తగాదాలు అక్కడ తీరతాయి.

విత్తనం కొన్న రైతు

మన జిల్లాల్లో అన్నిటికంటే ఖరీదైన మోసం విత్తనంలో జరుగుతుంది. సబ్బు నాసిరకమైతే నష్టం సబ్బంత. విత్తనం నాసిరకమైతే ఒక ఏడాది బతుకు పోతుంది.

జయపురం నేల వరి వైవిధ్యానికి పేరు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది. జయపురం దగ్గరి కమలా పూజారి దేశవాళీ విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆవిడ కన్నుమూశారు. తన విత్తనం తానే దాచుకునే రైతు విత్తనానికి వినియోగదారుడు కాడు. ఎవరి దగ్గరా మోసపోడు. పొట్లం కొన్న రోజున అతను వినియోగదారుడవుతాడు, ఆ రోజునుంచి అతనికి రక్షణ కావాలి.

రాయగడలో పత్తి ఒకప్పుడు కొద్దిపాటి పంట. ఇవాళ కొండవాలుల దాకా ఎక్కింది. దానితోపాటు ప్రభుత్వ అనుమతిలేని, కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనమూ, ఆ మందూ వచ్చాయి. అనుమతిలేని విత్తనాన్ని బిల్లు రాసి ఎవడూ అమ్మడు. పంట పోతే రైతు చేతిలో కాగితం ఉండదు, అమ్మినవాడికి పేరుండదు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రతి డీలరూ నిల్వలు, ధరలు బోర్డు మీద రాయాలి, కొన్నవాడికి బిల్లు ఇవ్వాలి. అది కచ్చితంగా అమలైతే ఈ చీకటి వ్యాపారం సంతలో కూర్చోలేదు.

బిల్లు ఉన్న రైతుకు చట్టం ఎంత అండగా నిలుస్తుందో మన ఆంధ్ర రైతులే నిరూపించారు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అమ్మిన విత్తనాలు దెబ్బతీశాయని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. విత్తనాల చట్టం వేరే ఉంది కాబట్టి రైతులు ఫోరానికి రాకూడదనీ, వాళ్ళు వినియోగదారులే కారనీ, విత్తనాన్ని ప్రయోగశాలకు పంపలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదనీ సంస్థ వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు మూడు వాదనలనూ తోసిపుచ్చింది. తెచ్చిన విత్తనమంతా నేలలో వేసే రైతు, ముందుచూపుతో కొంత పక్కన దాచుకోవాలని ఆశించడం న్యాయం కాదని తేల్చింది. బిల్లు, ఖాళీ సంచి, పొలం చూసిన వ్యవసాయ అధికారి నివేదిక, ఈ మూడూ ఉంటే మన రైతుకు కేసు ఉన్నట్టే. సంచిని వర్షంలో గొడుగుగా కప్పుకోకండి, చూరులో భద్రంగా దాచండి.

చదువు రానివాళ్ళకు తెలిసే హక్కు

2011 జనాభా లెక్కల్లో కొరాపుట్, రాయగడ రెండు జిల్లాల్లోనూ అక్షరాస్యత 50 శాతం కూడా దాటలేదు. రాయగడ జనంలో 56 శాతం, కొరాపుట్‌లో సగానికి పైగా షెడ్యూల్డు తెగలవారు. ఇంట్లో కువి, సవర, పరజా, గదబ భాషలు. సంతలో దేశియా. రాయగడ, గుణుపూర్ వైపు తెలుగు కూడా నడుస్తుంది. పొట్లం మీద మాత్రం బరువు, ధర, తయారైన నెల, కంపెనీ చిరునామా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలని నియమం. ఇతర భాషలో వేయడం కంపెనీ ఇష్టం. సమాచారం పొందే హక్కు మన మనుషులకు ఈ ఒక్క నియమం దగ్గరే ఆగిపోతోంది.

చదువు అక్కర్లేని గుర్తులు కొన్ని చట్టమే ఇచ్చింది. పురుగుమందు డబ్బా మీద చతురస్రంలో ఒక రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అతి ప్రమాదకరం, ఆ తర్వాత పసుపు, నీలం, అన్నిటికంటే తక్కువ విషం ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా విషమే. చేతులకు తొడుగులేకుండా పత్తిచేలో మందు కొట్టే పిల్లలకు ఈ నాలుగు రంగులు నేర్పడానికి బడి అక్కర్లేదు, సంతలో ఒక మధ్యాహ్నం చాలు. తూనికరాయి సీసం మీద ముద్ర, ఎలక్ట్రానిక్ కాటాలో సున్నా కూడా ఇలాంటి గుర్తులే. వినియోగదారుల చైతన్యం పేరిట మనం అచ్చువేసే కరపత్రాల ఖర్చులో సగం వీటిని చేతితో పట్టి చూపించడానికి పెట్టాలి. మిగతా సగం దేశియా, కువి భాషల్లో మైకులో చెప్పించడానికి పెట్టాలి.

డిసెంబరు 24

ఏటా డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం చేస్తాం. 1986లో ఆ చట్టం వచ్చిన రోజది. సరిగ్గా పదేళ్ళకు, 1996 డిసెంబరు 24నే, షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం, మనం పెసా అని పిలిచేది, వచ్చింది. కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా ఐదో షెడ్యూలులోని ప్రాంతాలు. పెసా నాలుగో సెక్షన్ గ్రామసభకూ పంచాయతీలకూ ఇవ్వాలన్న అధికారాల్లో గ్రామ సంతల నిర్వహణ ఉంది. షెడ్యూల్డు తెగలకు ఇచ్చే అప్పుల మీద అదుపు ఉంది. వినియోగదారుల దినోత్సవ సభల్లో పెసా మాట రాదు. పెసా సభల్లో వినియోగదారుడి మాట రాదు. మన నేల మీద ఈ రెండూ ఒకే మనిషికి చెందిన చట్టాలు.

గ్రామసభ మాటకు బలం ఎంతో రాయగడకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి తవ్వకాల మీద నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. ఆ ఏడాది రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెలు కూర్చుని, పన్నెండూ ఒకే మాటగా వద్దన్నాయి. ఒక పెద్ద గని ఉండాలా వద్దా అన్నది తేల్చగలిగిన సభ, తన సంతలో కాటా ఎలా ఉండాలో తేల్చలేదా?

నేను అడిగేవి చిన్న పనులు. ప్రతి సంత ముఖద్వారం దగ్గర, ముద్ర ఉన్న ఒక ఉమ్మడి ఎలక్ట్రానిక్ కాటా ఉండాలి. దాని ఖర్చు సంత ఆశీలులోంచే రావాలి. నడిపేది మహిళా సంఘాలు. కొండదిగిన బుట్ట ముందు అక్కడ తూగి, బరువు చీటీతో లోపలికి పోవాలి. కొనుక్కున్న సరుకు వెళ్ళేటప్పుడు కావాలంటే అక్కడే మళ్ళీ తూచుకోవాలి. ఆనాటి మద్దతు ధరలు మైకులో చెప్పాలి. లైసెన్సు, బిల్లు పుస్తకం లేనివాడికి విత్తనం, పురుగుమందు అమ్మే చోటు సంతలో ఇవ్వకూడదు. నెలకోసారి జిల్లా న్యాయసేవల సంస్థ మనుషులు, తూనికల ఇన్‌స్పెక్టరు ఒక్క పూటైనా సంతలో కూర్చోవాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. గ్రామసభ తీర్మానం, దాన్ని గౌరవించే కలెక్టరు చాలు.

వ్యాపారులతో ఒక మాట

ఈ సభలో వ్యాపారం చేసే తెలుగువాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. రాయగడ, గుణుపూర్, జయపురం బజార్లు తరాలుగా మీ కష్టం మీద నడిచాయి. వానల్లో దారులు తెగినప్పుడు కొండపల్లెలకు ఉప్పు, బియ్యం చేర్చింది మీరే. ఇందులో నిజాయితీగా బతికినవాళ్ళకు దొంగ కాటాతో పోటీపడడం ఎంత కష్టమో నాకు తెలుసు. సరిగ్గా తూచేవాడు ఎక్కువ ధర చెప్పాల్సి వస్తుంది, తక్కువ తూచేవాడు తక్కువ ధర చెప్పి గిరాకీ లాక్కుంటాడు. అందుకే ఉమ్మడి కాటా మొదట మేలుచేసేది నిజాయితీ గల దుకాణదారుకే. మీ వర్తక సంఘాలే ముందుకొచ్చి ఆ కాటాలు కొనిపెట్టండి. మీ దుకాణంలో తనిఖీ పత్రం అద్దంలో పెట్టి, వీధిలోకి తిరిగి ఉండేలా వేలాడదీయండి. ఎంత చిన్న సరుకైనా అడగకముందే బిల్లు ఇవ్వండి.

విద్యార్థులారా, మీలో ఇద్దరు ముగ్గురైనా దేశియాలోనూ కువిలోనూ మాట్లాడగలిగినవాళ్ళు ఉంటారు. మాలాంటి వకీళ్ళకు లేని శక్తి అది. మేం ఫిర్యాదు రాయగలం. దాన్ని ఆ మనిషి నోటినుంచి వినగలిగేది మీరు.

నా వంతుగా ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. వచ్చే డిసెంబరు 24న రాయగడ జిల్లాలో ఏ గ్రామసభ ఉమ్మడి కాటాకు తీర్మానం చేసినా, ఆ పంచాయతీకి కావాల్సిన కాగితాలన్నీ నేను, నా తోటి వకీళ్ళు డబ్బు తీసుకోకుండా రాసిపెడతాం. ఆ కాటా మీద తేలిన ప్రతి మోసానికీ, అది అమ్మకంలో జరిగినా కొనుగోలులో జరిగినా, తూనికల శాఖకో కమిషన్‌కో ఫిర్యాదు కూడా మేమే వేస్తాం. మాస్టారి పేరున ఇచ్చే ఈ ఉపన్యాస పారితోషికం మొదటి కాటా కొనడానికి ఇప్పుడే నిర్వాహకుల చేతికి అప్పగిస్తున్నాను. మిగతా సొమ్ము ఈ సభలోనే పోగవుతుందని నా నమ్మకం. ఏ సంతలో పెట్టాలో ఆ ఊరి గ్రామసభ నిర్ణయిస్తుంది.